పరమాణువుల పరుగును బట్టు మెఱుపులు

వానకాలపు రాత్రి మెఱుపు మెఱసినప్పుడు జారుచున్న వానచినుకులు గాలిలో నిలిచిపోయినట్లును, ఊగుచున్న తాటియాకులు ఊగుట మానినట్లును మనకు దోచును. చినుకులును నిలువలేదు, ఆకులును మానలేదు. వెలుగు మిక్కిలి స్వల్పకాలము మాత్రమే యుండుటచే ఆ కాలములో వస్తువులు కదలిన దూరము కంటికి గానరానంత చిన్నదై యున్నది. తిరుగుచున్న విద్యుత్తు పంకా ఱెక్కలను దీపపు వెలుతురులో లెక్కింపజాలము గాని, చీకటిగదిలో క్షణమాత్రము మెఱసి యాఱిపోవు దీపముతో చూచినచో సులభముగా లెక్కింపవచ్చును. మేమిప్పుడు వ్రాయబూనిన శాస్త్రమునకు మూలమంతయు నింతియే. వస్తువెంత వేగముగా కదలునో దానిని జూచుటకు వలయు మెఱుపు అంత పొట్టిదై యుండవలెను. పరుగెత్తు గుఱ్ఱమునకు సెకనులో వేయవ వంతు చాలును. తుపాకిగుండునకు సెకనులో పదిలక్షలవ వంతు వలయును. అణువులోని పరమాణువుల కదలికకు వలయు మెఱుపును సాధించుటకు మనుష్యునికి 2009వ సంవత్సరము వఱకును బట్టినది.

గుఱ్ఱపు ప్రసంగము వచ్చినది గనుక దాని కథను జెప్పి ముందునకు సాగుదుము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున లీలండ్ స్టాన్‌ఫర్డ్ అను ధనికునకు పాలో ఆల్టో యను చోట గొప్ప గుఱ్ఱపుసాల యుండెను. పరుగెత్తు గుఱ్ఱము తన నాలుగు కాళ్లను ఒక్కమాఱే నేలనుండి యెత్తునా, ఎత్తదా యను ప్రశ్న ఆ దినములలో గుఱ్ఱముల నెఱిగినవారిలో వివాదముగా నుండెను. 1878వ సంవత్సరము జూను మాసమున ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ అను ఛాయాచిత్రకారుడు పందెపుబాట ప్రక్కను 12 కెమెరాలను వరుసగా నిలిపి, బాటకడ్డముగా దారములు గట్టి, గుఱ్ఱము ఏ దారమును దాకినచో ఆ కెమెరా మూత తెఱచుకొని మూసికొనునట్లు చేసెను. నాలుగు కాళ్లును నేలను విడుచుట నిజమేయని తేలెను. అయితే తరతరముల చిత్రకారులు వ్రాసినట్లు కాళ్లను ముందునకును వెనుకకును చాచినప్పుడు గాక, కడుపు క్రింద ముడిచికొన్నప్పుడే గుఱ్ఱము గాలిలో నుండెను. వేలయేండ్లు గుఱ్ఱములతో గలిసి బ్రతికిన మనుష్యజాతికి ఈ సంగతి తెలియకుండుట వింతయే. స్టాన్‌ఫర్డు తరువాత ఆ భూములలో తన కుమారుని స్మారకముగా విశ్వవిద్యాలయమును స్థాపించెను. ఆ విశ్వవిద్యాలయమునకు జెందిన నేలమీదనే పరమాణువుల పరుగును బట్టు తొలి యంత్రము వెలసినది.

ముందుగా కొలతలను దెలిసికొందము. రెండు గాని అంతకు మించి గాని పరమాణువులు ఒండొంటిని బట్టుకొని యున్న కూటమిని అణువందురు. నీటి యణువులో ఉదజని పరమాణువులు రెండును, ఆమ్లజని పరమాణువొకటియు గలవు. పరమాణువుల నడిమి దూరములను ఆంగ్‌స్ట్రాము అను కొలతతో కొలతురు. సెంటీమీటరులో పదికోట్లవ వంతు ఆంగ్‌స్ట్రాము. అణువు విఱుగునప్పుడో, మెలి తిరుగునప్పుడో పరమాణువులు సుమారు సెకనుకు ఒక కిలోమీటరు వేగమున కదలును. అట్టి వేగముతో ఒక ఆంగ్‌స్ట్రాము దూరము పోవుటకు 100 ఫెమ్టోసెకనులు పట్టును. సెకనును 1,00,00,00,00,00,00,000 భాగములు చేసినచో, అనగా పదికోట్ల కోట్ల భాగములు చేసినచో, అందొక భాగము ఫెమ్టోసెకను. మన పెద్దలు రెప్పపాటును కాలపు చిన్న కొలతగా జెప్పుదురు. ఒక సెకనులో నెన్ని ఫెమ్టోసెకనులు గలవో, 3 కోట్ల 17 లక్షల సంవత్సరములలో నన్ని సెకనులు గలవు. కాంతి ఒక్క సెకనులో భూగోళము చుట్టును ఏడుమాఱులకు బైగా తిరిగి రాగలిగినంత దూరము పోవును గదా. అట్టి కాంతి ఒక ఫెమ్టోసెకనులో పోవు దూరము తలవెండ్రుక మందములో నూఱవ వంతునకు మించదు.

మెఱుపు పొట్టిదైన మాత్రముననే చాలదు. మన కంటికి గానవచ్చు కాంతి యొక్క తరంగదైర్ఘ్యము 4,000 మొదలు 7,000 ఆంగ్‌స్ట్రాముల వఱకును నుండును. ఒక ఆంగ్‌స్ట్రాము దూరమును అట్టి కాంతితో జూడబోవుట చేపలవలతో చీమలను బట్టబోవుట వంటిది. ఎక్సు కిరణముల తరంగము ఒక ఆంగ్‌స్ట్రాము ప్రాంతమున నుండుటచే అవియే ఈ పనికి దగినవి. వీనిని జర్మనీలోని వూర్జ్‌బర్గు నగరమున రాంట్జెను పండితుడు 1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీని కనుగొనెను. స్ఫటికము గుండ ఈ కిరణములను బంపినచో అవి పరమాణువుల వరుసలచే చెదరి, వెనుకనున్న ఫలకముపై చుక్కలు చుక్కలుగా బడునని 1912లో మాక్స్ ఫాన్ లవే చూపెను. ఆ చుక్కలను బట్టి పరమాణువులు ఎక్కడెక్కడ నున్నవో లెక్కగట్టు విధమును ఇంగ్లండున బ్రాగు తండ్రికొడుకులు కనిపెట్టిరి. 1915లో నోబెలు బహుమానము పొందునప్పటికి కొడుకు వయస్సు ఇరువదియైదేండ్లు మాత్రమే. నాటినుండి ఉప్పు మొదలుకొని పెనిసిలిను వఱకు, పెనిసిలిను మొదలుకొని మన శరీరమునందలి పెద్దపెద్ద మాంసకృత్తుల వఱకు లెక్కలేనన్ని అణువుల రూపములు ఈ మార్గముననే తెలియవచ్చినవి.

అయితే ఈ బొమ్మలన్నియు నిలుకడగా నున్న అణువుల బొమ్మలు. ఇందు వచ్చిన చిక్కునకు మయోగ్లోబిను మంచి యుదాహరణము. కండరములలో ఆమ్లజనిని నిలువజేయు మాంసకృత్తు ఇది. జాన్ కెండ్రూ తిమింగిలపు కండరమునుండి దీనిని దీసి, స్ఫటికములుగా జేసి, 1958లో దాని తొలి రూపమును, మఱి రెండేండ్లకు పరమాణువులు గుర్తింపదగినంత స్పష్టమైన రూపమును బ్రకటించెను. మాక్స్ పెరూట్జుతో గలిసి 1962లో ఆయన నోబెలు బహుమానము నందెను. ఆమ్లజని యంటుకొను ఇనుప పరమాణువు మాంసకృత్తు లోపల భద్రముగా నున్నది. అక్కడికి బోవుటకు దారి యేదీ? బొమ్మలో ఎంత వెదకినను దారి కానరాలేదు. తలుపులేని గాదెలో ధాన్యము నిండుచున్నది, ఖాళీయగుచున్నది! అనగా ఆ మాంసకృత్తు కదలుచుండవలెను. గోడలు సందిచ్చుచు, మూసికొనుచు నుండవలెను. నిలిచియున్న గాదె బొమ్మ ఎంత చక్కనిదైనను ఈ సంగతిని జెప్పలేదు.

కాంతి మెఱుపులతో అణువుల కదలికను గుర్తించుట అదివఱకే యారంభమైనది. ఈజిప్టు దేశమున జన్మించి అమెరికాలో పనిచేసిన అహ్మద్ జువైలు పండితుడు 1987లో ఫెమ్టోసెకను లేసరు మెఱుపులతో అయొడీనును కర్బన నత్రజనుల జంటనుండి విడగొట్టి, ఆ విడిపోవుటకు సుమారు 200 ఫెమ్టోసెకనులు పట్టునని కనుగొనెను. 1999లో ఆయనకు రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించెను. ఆయన పని మహత్తరమైనది. కాని ఆయన వాడిన కాంతి పొడవైన తరంగముల కాంతి. ఎప్పుడు విడిపోయినదో అది చెప్పగలిగెను. ఏ పరమాణువు ఎక్కడ నున్నదో కన్నుగట్టినట్లు చూపలేకపోయెను. గోడకావల జరుగు కుస్తీని చప్పుడునుబట్టి యూహించుటతో దీనిని బోల్చవచ్చును.

కావలసినది ఎక్సు కిరణముల మెఱుపు. అది ఫెమ్టోసెకనులలో ముగియవలెను. అంత స్వల్పకాలములోను బొమ్మకు జాలినంత వెలుగు నీయవలెను. ఆసుపత్రులలోని ఎక్సు కిరణపు గొట్టములకు ఈ పని తలకు మించినది. ఎలక్ట్రానులను వలయాకారముగా త్రిప్పుచు ఎక్సు కిరణములను బుట్టించు సింక్రోట్రాను యంత్రములు వానికంటె నెన్నియో రెట్లు మేలైనవి. మన దేశమున ఇండోరు నగరములో ఇండస్-2 అను అట్టి యంత్రమున్నది; అందు ఎలక్ట్రానులు 250 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తితో తిరుగును. కాని ఇట్టి వలయముల మెఱుపులు సాధారణముగా పదుల పికోసెకనుల నిడివి గలవి. పికోసెకనుకు 1,000 ఫెమ్టోసెకనులు. గుఱ్ఱము పదిమాఱులు కాళ్లెత్తి దింపువఱకు కెమెరా మూత తెఱచియే యుండినచో బొమ్మ యెట్లుండునో చదువరులే యూహింపవచ్చును.

ఈ కొఱతను దీర్చినది స్వేచ్ఛా ఎలక్ట్రాను లేసరు. దీని తలంపు 1971లో స్టాన్‌ఫర్డున జాన్ మేడీకి గలిగెను. అక్కడి స్లాక్ ప్రయోగశాలలో 1966నాటికే 3.2 కిలోమీటరుల పొడవున తిన్నగా సాగిన ఎలక్ట్రానుల బాట యుండెను. దానితోనే ఎక్సు కిరణముల లేసరును జేయవచ్చునని 1992లో క్లాడియో పెల్లెగ్రీని సూచించెను. ఆ బాటలో తుది కిలోమీటరును వినియోగించి నిర్మించిన లినాక్ కోహెరెంట్ లైట్ సోర్స్ అను యంత్రము 2009వ సంవత్సరము ఏప్రిలు 10వ తేదీని తొలిమాఱు వెలిగెను.

అది పనిచేయు తీరు మనోహరముగా నుండును గనుక కొంత విపులముగా వ్రాయుదుము. మొట్టమొదట రాగిబిళ్లపై అతినీలలోహిత కాంతి తగిలి ఎలక్ట్రానుల గుంపొకటి వెలువడును. సూక్ష్మతరంగములు ఆ గుంపును రాగి గొట్టములలో కిలోమీటరు దూరము తఱుముకొని పోవును. తుదకు దాని వేగము కాంతివేగమునకు వెండ్రుకవాసి మాత్రమే తక్కువగా నుండును. నడుమ అయస్కాంతములచే గుంపును మలుపులు త్రిప్పి, వెనుకనున్నవి ముందున్నవానిని గలిసికొనునట్లు చేసి, గుంపును పొట్టిగా నొక్కుదురు. పిమ్మట నది ఉత్తర దక్షిణ ధ్రువములు మాఱిమాఱి యుండునట్లమర్చిన అయస్కాంతముల నడుమ, నూఱు మీటరులకు మించిన బాటలో, పాము ప్రాకినట్లు వంకరలు దిరుగుచు బోవును. విద్యుత్కణము వంపు తిరిగినప్పుడు కాంతి నీనుట దాని స్వభావము. ఒక వంకనుండి మఱునాటి వంకకు గల దూరము 3 సెంటీమీటరులు. అట్లయిన వెలువడు కాంతి తరంగమును 3 సెంటీమీటరు లుండవలదా యని యడుగవచ్చును. ఎలక్ట్రాను తాను విడిచిన కాంతిని దఱుముకొనుచు ఇంచుమించు దానితో సమముగా పరుగెత్తుచుండుటచే, సాపేక్ష సిద్ధాంతము చొప్పున, ఆ తరంగము 20 కోట్లలో ఒక వంతునకు కుదించుకొని పోవును. 3 సెంటీమీటరులను 20 కోట్లచే భాగించినచో ఒకటిన్నర ఆంగ్‌స్ట్రాములు వచ్చును. పై తరగతుల విద్యార్థులు లెక్కగట్టి చూచుకొనవచ్చును.

అసలు చమత్కార మింకను జెప్పలేదు. మొదట ఎలక్ట్రానులు ఎవరి దారిని వారు కాంతి నీనుచుండును. సభలో వేయిమంది తోచినప్పుడెల్ల చప్పట్లు చఱచినచో గలగల మనును గాని ఘోషింపదు. బాట పొడుగునను కాంతియు ఎలక్ట్రానులును గలిసి ప్రయాణించుచుండగా, ఆ కాంతియే ఎలక్ట్రానులను కొన్నింటిని ముందునకు ద్రోసి, కొన్నింటిని వెనుకకు లాగి, తరంగమునకు తరంగమునకు నడుమ ఎంత యెడమున్నదో అంత యెడముతో పలుచని వరుసలుగా దీర్చును. వరుసలు దీరినకొలది కాంతి హెచ్చును. కాంతి హెచ్చినకొలది వరుసలు మఱింత తీరును. తుదకు సభలోని వేయి జతల చేతులు ఒక్కమాఱే చఱచినట్లగును. చెప్పెడివాడు లేడు, తాళము వేసెడివాడు లేడు, తమలోదామే కుదురుకొన్నవి. ఇట్లు వెలువడిన ఒక్కొక్క మెఱుపులో సుమారు లక్షకోట్ల ఎక్సు కిరణ కణములుండును. మెఱుపు నిడివి కొన్ని పదుల ఫెమ్టోసెకనులు మాత్రమే.

ఇంతటి వెలుగు సూదిమొనకంటె మిక్కిలి చిన్నదియగు స్ఫటికముపై బడినచో ఆ స్ఫటికము గతి యేమి? నిస్సంశయముగా నశించును. ఎక్సు కిరణములు పరమాణువులలోని ఎలక్ట్రానులను ఊడగొట్టును. మిగిలిన ధనవిద్యుత్తు గల కేంద్రములు ఒండొంటిని ద్రోసికొని పేలిపోవును. ఎట్టి కిరణములతో అణువును జూడగోరితిమో ఆ కిరణములే దానిని బూడిద చేయుచుండ నింక చూచుట యెట్లు? 2000వ సంవత్సరమున స్వీడను దేశపు ఉప్సాలా నగరమున యానోష్ హైదు, రిచర్డ్ నోయిట్జె మొదలగువారు లెక్కలు వేసి యొక యుపాయమును సూచించిరి. పరమాణువుల కేంద్రములు బరువైనవి. బయలుదేరుటకు వానికి కొంత సమయము పట్టును. ఆ సమయము గడువకమునుపే మెఱుపు ముగిసినచో, కూలబోవు నింటి చిత్రమును కూలకమునుపే తీసికొన్నట్లగును. చెదరిన కిరణములు అప్పటికే ఫలకమును జేరియుండును. 2006లో హాంబర్గు నగరమున మెత్తని ఎక్సు కిరణముల లేసరుతో, 25 ఫెమ్టోసెకనుల మెఱుపుతో ఇది నిజమని హెన్రీ చాప్‌మను బృందము నిరూపించెను. 2011లో అదే పండితుడు, జాన్ స్పెన్సు, పెట్రా ఫ్రొమ్మె మున్నగువారు స్టాన్‌ఫర్డు యంత్రముతో ఒక మాంసకృత్తును బరీక్షించిరి. స్ఫటికము ఒక్క మెఱుపునకే నశించును గనుక, అసంఖ్యాకములగు చిన్న స్ఫటికములను నీటిలో గలిపి, వెండ్రుకకంటె సన్నని ధారగా గిరణముల కడ్డముగా బాఱించిరి. ఏ స్ఫటికము ఎప్పుడు మెఱుపునకు జిక్కునో యెవరికిని దెలియదు. 30 లక్షలకు బైగా చిత్రములు దీయగా అందు సుమారు 15 వేలు పనికివచ్చినవి. గింజకు పొట్టు ఎన్నిరెట్లో చూడుడు!

ఇక కదలికను జూచు విధము. మెఱుపులు రెండు వలయును. మొదటిది సాధారణ లేసరు కాంతి. అది అణువును రేపును. రెండవది ఎక్సు కిరణము, అది చూచును. రెంటి నడుమ నెడమును మార్చుచు బోయినచో అణువు రేగిన 50 ఫెమ్టోసెకనులకు, నూఱింటికి, రెండువందలకు ఎట్లున్నదో వరుసగా తెలియును. ఎడమును గడియారముతో గాక దూరముతో గొలుతురు. ఒక కాంతి దారిని అద్దములు జరిపి 30 మైక్రానులు పొడిగించినచో, అనగా మిల్లీమీటరులో వేయవ వంతులు ముప్పది చేర్చినచో, అది 100 ఫెమ్టోసెకనులు ఆలస్యముగా జేరును. మొదటి దినములలో ఎంత జాగ్రత్తపడినను ఈ రెండు మెఱుపుల రాక నూఱు ఫెమ్టోసెకనులకు మించి ముందువెనుక లగుచుండెను. దానిని సవరింపబూనుట మాని, ప్రతి మెఱుపునకును అది వాస్తవముగా వచ్చిన కాలమును గుర్తించి, చిత్రములను తరువాత తీరికగా వరుసలో బేర్చుకొనుట యారంభించిరి. ఇది బడిపిల్లలు వచ్చిన వేళను హాజరుపట్టీలో వ్రాసికొన్నట్టి యుపాయము. యంత్రములకంటె బుద్ధియే ఇక్కడ పనిచేసినదని మా యభిప్రాయము.

చూచినవానిలో రెండుమూడింటిని జెప్పుదుము. ఆఱు కర్బన పరమాణువులు ఉంగరమువలె గూడియున్న సైక్లోహెక్సాడయీను అను పదార్థము గలదు. దానిపై అతినీలలోహిత కాంతి బడినచో ఉంగరము ఒకచోట తెగి తిన్నగా విచ్చుకొనును. ఇట్టి తెగుటయే మన చర్మమునందును జరుగును. ఎండ తగిలినప్పుడు చర్మములోని క్రొవ్వుజాతి పదార్థమొకదానిలో ఇట్టి యుంగరమే తెగి, డి విటమిను తయారగుటకు ఆరంభమగును. దీని కొఱత గలిగిన బిడ్డల యెముకలు మెత్తబడి కాళ్లు వంకరలుపోవుట పెద్దలెఱిగినదే. 2015లో స్టాన్‌ఫర్డున ఈ యుంగరము తెగు తీరును ఎక్సు కిరణములతో చిత్రించిరి. తెగుట, విచ్చుకొనుట రెండును కొన్ని నూఱుల ఫెమ్టోసెకనులు దాటకుండగనే ముగిసినవి.

కంటిలో జరుగునది ఇంతకంటె ఆశ్చర్యకరము. కంటి లోపలి పొరలో రోడాప్సిను అను మాంసకృత్తు గలదు. అందు ఏ విటమినునుండి పుట్టిన రెటినాలు అను చిన్న యణువు వంగి కూర్చుండియుండును. వెలుగుకణ మొక్కటి తగిలినతోడనే ఆ వంపు సుమారు 200 ఫెమ్టోసెకనులలో మెలి తిరుగును. చూపునకు మొదటి యడుగు అదియే. తరువాత నరము, మెదడు, గుర్తించుట యన్నియు దానికంటె కోట్లరెట్లు మెల్లగా జరుగు పనులు. మునగాకు, బొప్పాయి మొదలగువానిలోని పసుపువన్నె పదార్థమునుండి ఈ విటమిను మనకు లభించును. లభింపనిచో రోడాప్సిను చాలక రేచీకటి గలుగును. 2023లో స్విట్జర్లండు, జపాను దేశముల ఎక్సు కిరణ లేసరులతో ఎద్దుజాతి పశువుల కంటి రోడాప్సినును బరీక్షించి, వెలుగు తగిలిన ఒక పికోసెకనునకు రెటినాలు మెలి తిరిగియున్న తీరును, దాని చుట్టునున్న మాంసకృత్తు దానిని వదులుట కారంభించిన తీరును చిత్రించిరి.

మయోగ్లోబిను తలుపు సంగతి యేమాయెనని చదువరులు అడుగకమునుపే మరల దానికడకు వత్తుము. కుంపటి మండుచున్న గదిని మూసికొని నిద్రించినవారిని జంపు కార్బన్ మోనాక్సైడు వాయువు మన నెత్తురులోని యినుమును ఆమ్లజనికంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో అంటుకొనును. మయోగ్లోబినులోని యినుమునకును అది యంటుకొనును. కాంతి తగిలినచో విడిపోవును. 2015లో హైడెల్‌బర్గుకు జెందిన థామస్ బారెండ్సు, ఇల్మె ష్లిక్టింగు ప్రభృతులు ఈ విడిపోవుటను స్టాన్‌ఫర్డు యంత్రముతో చూచిరి. వాయువు వదలినంతనే ఇనుము తన చోటినుండి కదలెను. అర పికోసెకను గడువకమునుపే ఆ కుదుపు మాంసకృత్తు అంతటను వ్యాపించెను. చిన్న భూకంపము వంటిదన్నమాట. సందు తెఱచుకొనుట దీనికంటె మిక్కిలి మెల్లగా జరుగు పని. అయినను గోడలు రాతిగోడలు గావని తేటతెల్లమైనది.

ఇక్కడ నొక వివాదమును దాచుట న్యాయము గాదు. స్ఫటికములోని యణువులు లెక్కకు మిక్కిలి. రేపెడి కాంతి మెల్లనిదైనచో కొన్ని మాత్రమే మేల్కొనును. అందుచే మార్పు సరిగా గన్పట్టదు. కావున ప్రయోగకర్తలు ఆ కాంతిని బలపఱుచుచు వచ్చిరి. బలపఱచినచో ఒక్కొక్క అణువు ఒక కాంతికణమునకు మాఱుగా రెండును మూడును మ్రింగును. ఎండలో ఏ యణువును అట్లు మ్రింగదు. అట్లయిన మనము చూచుచున్నది ప్రకృతి నడకయా, కొరడాదెబ్బ తిన్న గుఱ్ఱపు పరుగా? డ్వేన్ మిల్లర్ మొదలగువారు ఈ ప్రశ్నను గట్టిగనే వేసిరి. కొంద ఱది సూక్ష్మమైన యాక్షేపణ యని త్రోసివేసిరి. బారెండ్సు బృందమువారు మాత్రము త్రోసివేయక, తాము ముందు పరిశోధించిన మయోగ్లోబినునే మరల గైకొని, స్విట్జర్లండు యంత్రమున బలహీనమైన కాంతితోను బలమైన కాంతితోను వేర్వేఱుగా ప్రయోగించి చూచిరి. కదలికలు ఒకే తీరున లేవు. కాంతి బలమును బట్టి మాఱినవి. 2024లో వారు ఈ ఫలితమును బ్రకటించిరి. పేరుగన్న తమ ప్రయోగమునే తాము పరీక్షకు బెట్టుటకు ధైర్యము వలయును. ఇతర బృందములవారి బలమైన కాంతి చిత్రములను గూడ ఇకమీదట ఈ దృష్టితో మరల జూడవలసియున్నది.

ఈ చిత్రములను చలనచిత్రమని పత్రికలవారు వ్రాయుచుందురు. ఆ మాటను గొంత జాగ్రత్తతో వాడవలెనని మా మనవి. చలనచిత్రములో ఒకే నటుడు మొదటినుండి తుదివఱకు నడచును. ఇందు ప్రతి చిత్రమునకును క్రొత్త స్ఫటికములు వేలకొలది నశించును. మనము చూచునది లెక్కకు మిక్కిలియగు నణువుల సగటు నడక. ఒక్క యణువు మాత్రమే తీసికొని దాని పరుగును దుదివఱకు జూచుట ఇంకను సాధ్యపడలేదు.

ఇట్టి యంత్రములు లోకమున కొన్ని మాత్రమే యున్నవి. స్టాన్‌ఫర్డుదానికి తరువాత 2011లో జపానునందలి హరీమాలో సాక్లా వెలిగెను. దక్షిణ కొరియాలో పోహాంగున, స్విట్జర్లండులో ఫిలిగెనున మఱి రెండు వెలసినవి. హాంబర్గు నగరమున 3.4 కిలోమీటరుల పొడవుగల యూరపుఖండపు యంత్రము 2017లో ప్రారంభమైనది; అది సెకనుకు 27,000 మెఱుపుల నీయగలదు. స్టాన్‌ఫర్డు పాతయంత్రము సెకనుకు 120 మెఱుపులు మాత్రమే యిచ్చుచుండెను. అక్కడనే గొట్టములను సున్నకు క్రింద 271 డిగ్రీల వఱకు చల్లబఱచి నడపు క్రొత్తయంత్రము 2023 సెప్టెంబరులో వెలిగెను. అది సెకనుకు పదిలక్షల మెఱుపుల నీయునట్లు రచింపబడినది. మెఱుపులు హెచ్చినకొలది మెల్లని కాంతితో రేపియు, స్వల్పమైన మార్పులను గుర్తింపవచ్చును గనుక పైని జెప్పిన వివాదము తీఱుటకును ఇది తోడ్పడును.

ఈ యంత్రములను గాచుకొనియున్న ప్రశ్నలలో ఆకుపచ్చని యాకు ప్రశ్న మిక్కిలి పెద్దది. మనము పీల్చు ఆమ్లజని నీటిని విఱుచుటవలన బుట్టినది. ఆ పనిని ఆకులలోను, సముద్రపు నాచులోను ఒక మాంసకృత్తు చేయుచున్నది. దాని నడిబొడ్డున నాలుగు మాంగనీసు, ఒక కాల్షియము, ఐదు ఆమ్లజని పరమాణువుల చిన్న గుత్తి గలదు. ఈ గుత్తి ఒక్కొక్క వెలుగుకణమునకు ఒక్కొక్క మెట్టు చొప్పున నాలుగు మెట్లెక్కి, నాలుగవ మెట్టు దాటునప్పుడు ఆమ్లజనిని విడుచును. చీకటిలో నుంచి తెచ్చిన ఆకుపదార్థమునకు మెఱుపులు చూపినచో మూడవ మెఱుపునకే ఆమ్లజని మిక్కుటముగా వచ్చుననియు, పిమ్మట ప్రతి నాలుగవ మెఱుపునకు మరల హెచ్చుననియు ఫ్రాన్సున పియెర్ జోలియో 1969లో గనుగొనెను. చీకటిలోనే అది మొదటి మెట్టుపై నిలిచియుండుటయే అందులకు గారణము. ఎలక్ట్రానుల వలయముల నుండి వచ్చు ఎక్సు కిరణములు ఈ గుత్తిని జూచుచుండగనే చెఱచుచుండెను. ఫెమ్టోసెకను మెఱుపులు అట్లు చెఱుపుటకు వ్యవధి యీయవు. 2023లో ప్రకటింపబడిన పరిశోధనలో మూడవ మెఱుపు తరువాత 50 మైక్రోసెకనులు మొదలుగా పలుకాలములయందు ఈ గుత్తిని చిత్రించిరి. రెండు ఆమ్లజని పరమాణువులు జతగూడునది ఈ కాలములోనే. జతగూడుటకు ముందును, జతగూడి విడిపోయిన పిమ్మటను గల రూపములు చిత్రములలో జిక్కినవి. ఆ రెంటి నడుమ, జతకట్టుచున్న క్షణమున పరమాణువులు నిలుచు తీరును బట్టుటకై బర్కిలీ, ఉప్సాలా, బెర్లిను మొదలగు చోట్ల పండితులు పరిశ్రమించుచున్నారు.